ఒకే జబ్బు, చోటుకో ఫిర్యాదు: మానసిక లక్షణాలను సంస్కృతుల మధ్య ఎలా పోల్చాలి?

#1 సంచారి

శరణార్థులతో, వలస కుటుంబాలతో పనిచేసే వాలంటీర్ల కోసం రెండు పేజీల నోట్ తయారవుతోంది. ఏ సంస్కృతివాళ్ళలో డిప్రెషన్, ఆందోళన, సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, వాస్తవంతో సంబంధం తెగిపోవడం) ఎలా బయటపడతాయో ఒక పట్టిక వేయాలని ఆలోచన. ఎడమవైపు ప్రాంతం, కుడివైపు లక్షణాలు. ఇప్పటికి చిత్తుప్రతిలో ఉన్నవి:

తూర్పు ఆసియా: మనసు బాధ చెప్పరు, ఒంటి నొప్పులే చెబుతారు.
ఆఫ్రికా: డిప్రెషన్‌లో అపరాధభావం ఉండదు.
జపాన్: సిగ్గు, బిడియం ఎక్కువ.
లాటిన్ అమెరికా: పానిక్ అటాక్‌లు ఎక్కువ.
పాశ్చాత్య దేశాలు: మనసులో బాధ నేరుగా చెబుతారు.

తెలిసినవాళ్ళు మొహమాటపడకుండా దిద్దండి.

#2 రాత్రిడ్యూటీ

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. ఈ ఐదు వరుసల్లో ఒక్కటీ ఉన్నదున్నట్టు వదిలేయదగ్గది కాదు. మొదటిది చూడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో, మామూలు జబ్బులకని డాక్టరు దగ్గరకొచ్చినవాళ్ళను పరిశీలించింది. డిప్రెషన్ లెక్కలు 1999లో అచ్చయ్యాయి. డిప్రెషన్ ప్రమాణాలకు పూర్తిగా సరిపోయినవాళ్ళు 1,146 మంది. వాళ్ళలో 69 శాతం మంది తమంతట తాము డాక్టరుకు చెప్పుకున్నవి శరీర బాధలు మాత్రమే. కేంద్రాన్ని బట్టి ఈ అంకె 45 నుంచి 95 దాకా మారింది. అంటే అతి తక్కువ వచ్చిన చోట కూడా దాదాపు సగం మంది ఒంటి బాధతోనే వచ్చారు. అదే మనుషుల్ని మనసు గురించి సూటిగా అడిగితే, ఆ లక్షణాలేవీ లేవన్నవాళ్ళు 11 శాతమే.

ఒంటి బాధలే చెప్పడం ఎక్కడ ఎక్కువైందో తెలుసా? ఎప్పుడూ చూసే సొంత డాక్టరంటూ లేని కేంద్రాల్లో. ముక్కూమొహం తెలియని డాక్టరు ముందు కూర్చుని ఎవరైనా ముందుగా తలనొప్పే చెబుతారు. తూర్పు పడమరలతో దానికి పెద్దగా పని లేదు.

అందుకని పట్టికలో 'లక్షణాలు' అని ఒకే గడి పెట్టకండి. 'వచ్చి ఏం చెప్పారు', 'అడిగితే ఏం చెప్పారు' అని రెండు గడులు కావాలి. సంస్కృతుల మధ్య తేడా మొదటి గడిలోనే ఎక్కువ.

#3 అడ్డప్రశ్న

మరి చైనా సంగతేంటి? నీరసం, తలనొప్పి, నిద్రలేమి అని వచ్చినవాళ్ళంతా నిజానికి డిప్రెషన్ రోగులేనని అమెరికన్ మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ తేల్చాడు కదా. అది తూర్పు ఆసియా ప్రత్యేకత కాకపోతే మరేంటి?

#4 పాతపుస్తకం

క్లైన్‌మన్ చేసింది సరిగ్గా ఏమిటో చూద్దాం. 1980లో హునాన్ వైద్య కళాశాలలో 'షెన్‌జింగ్ షువైరువో' అనే రోగనిర్ధారణ ఉన్న 100 మందిని తీసుకున్నాడు. నరాల బలహీనత అన్నమాట. అమెరికా ప్రమాణాలతో మళ్ళీ పరీక్షిస్తే 87 మందికి మేజర్ డిప్రెషన్ తేలింది.

దీంట్లో చాలామంది వదిలేసే సంగతులు రెండు. ఒకటి, ఆ జబ్బుపేరు చైనాలో పుట్టలేదు. న్యూరస్తీనియా అని 1869లో దాన్ని ప్రచారంలోకి తెచ్చింది జార్జ్ బియర్డ్ అనే అమెరికన్ డాక్టరు. అక్కడ మరుగున పడ్డాక కూడా చైనాలో నిలిచింది. రెండోది, ఎందుకు నిలిచిందన్నది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో 'నాకు బతుకు మీద ఆశ లేదు' అనడం రాజకీయ నేరంలా వినిపించేది. నరాల బలహీనత అంటే ఉద్యోగానికీ పరువుకీ ముప్పు లేదు, సెలవు కూడా దొరికేది. దాన్ని మొత్తంగా 'చైనా మనస్తత్వం' ఖాతాలో వేస్తే ఆ పదేళ్ళ చరిత్ర మాయమైపోతుంది.

ఇక 2008లో ఆండ్రూ రైడర్ బృందం చైనాలోని చాంగ్‌షా, కెనడాలోని టొరంటోల్లో రోగులను మూడు విధాలుగా అడిగి పోల్చింది: తమంతట తాము చెప్పినవి, వరుసగా అడిగితే చెప్పినవి, కాగితం మీద టిక్కు పెట్టినవి. మొదటి రెండింటిలో చైనావాళ్ళు శరీర లక్షణాలు ఎక్కువ చెప్పారు. కానీ మూడు పద్ధతుల్లోనూ కెనడావాళ్ళు మనసు లక్షణాలు ఎక్కువ చెప్పారు, పైగా ఈ తేడానే పెద్దది. అంటే వివరణ కోరాల్సింది చైనావాళ్ళు ఒంటి గురించి ఎందుకు మాట్లాడతారన్నది ఒక్కటే కాదు, పాశ్చాత్యులు అంతగా మనసు గురించే ఎందుకు మాట్లాడతారన్నది కూడా. మీ చిత్తుప్రతిలో పాశ్చాత్యుల వరుస ఏదో మామూలు కొలతలా, మిగతావన్నీ దానికి పక్కదార్లలా కనిపిస్తున్నాయి.

ఇంకోటి, అంతర్జాతీయ రోగ వర్గీకరణ పదో కూర్పులో ఉన్న న్యూరస్తీనియా 2022లో అమల్లోకొచ్చిన పదకొండో కూర్పులో లేదు. పాత వ్యాసాలతో పోల్చేటప్పుడు గుర్తుంచుకోండి.

#5 సంచారి

సరే, మొదటి వరుసా చివరి వరుసా కొట్టేశాను. ఆఫ్రికాలో అపరాధభావం మాటేమిటి? పాత పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే అది.

#6 పాతపుస్తకం

వలస పాలన నాటి డాక్టర్ల మాట అది. వాళ్ళు చూసింది ఎక్కువగా ఆస్పత్రి గోడల మధ్యకు తెచ్చి పడేసినవాళ్ళను, అంటే గొడవ చేసేవాళ్ళను. డిప్రెషన్ ఉన్నవాళ్ళు గొడవ చేయరు, ఎక్కడికో అక్కడికి మౌనంగా వెళ్ళిపోతారు. ఘనా గ్రామాల్లో ఆలయాల దగ్గర కూర్చుని పరిశీలించిన మార్గరెట్ ఫీల్డ్ 1960లో రాసిన పుస్తకంలో వాళ్ళు కనిపిస్తారు. 'నేను మంత్రగత్తెను, నా వల్లే పిల్లలు చచ్చిపోయారు' అని తమ మీద తామే నేరం మోపుకుంటూ వచ్చిన ఆడవాళ్ళు. నిద్ర లేదు, తిండి లేదు, బతకాలని లేదు. అపరాధభావం ఇంతకంటే గట్టిగా ఎలా ఉంటుంది? రూపం వేరు, అంతే.

#7 రాత్రిడ్యూటీ

పైదానికి ఒక ఆచరణ సంగతి. 'మీకు తప్పు చేసిన భావన ఉందా' అని అడిగితే లేదంటారు. 'ఇలా జరగడానికి కారణం ఎవరు అనుకుంటున్నారు?' అని అడగండి. 'నేనే' అంటే ఎందుకో చెప్పమనండి. శాపం, పూర్వజన్మ, దేవుడి శిక్ష, మంత్రం, ఏదైనా రావచ్చు. అది కారణం గురించి వాళ్ళ నమ్మకం. నమ్మకాన్ని లక్షణంగా రాయకండి. 'నేను శిక్షకు తగినదాన్నే' అని రోజంతా తనను తాను నిందించుకోవడం లక్షణం.

#8 కొలబద్ద

ఇక్కడిదాకా మాట్లాడినదంతా ఇంటర్వ్యూల గురించి. వాలంటీర్లకు ప్రశ్నావళి ఇస్తారనుకుంటా, కాబట్టి దాని సంగతి కూడా.

సీఈఎస్-డీ అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 60. 16 గాని ఆపైన గాని వస్తే అనుమానించాలన్నది ఎక్కువగా వాడే గీత. 20లో 16 ప్రశ్నలు బాధ గురించి, నాలుగు మంచి భావాల గురించి: ఇతరులకు తీసిపోనని అనిపించడం, భవిష్యత్తు మీద ఆశ, సంతోషం, జీవితాన్ని ఆస్వాదించడం. ఈ నాలుగింటికీ మార్కులు తిరగేసి వేస్తారు, 'అరుదుగా' అంటే 3. జపాన్‌లో చేసిన పోలికల్లో ఏం బయటపడిందంటే, బాధ ప్రశ్నలకు అమెరికన్లలాగే జవాబిచ్చినవాళ్ళు కూడా ఈ నాలుగింటికి తక్కువ చెప్పారు. నేను సంతోషంగా ఉన్నాను, ఎవరికీ తీసిపోను అని గట్టిగా అనుకోవడం అక్కడి మర్యాద కాదు. నాలుగింటికీ 'అరుదుగా' పెడితే 12 మార్కులు వచ్చి పడతాయి. గీతకు ఇంకా నాలుగే దూరం. రాత్రి రెండుసార్లు మెలకువ వచ్చి, కాస్త చిరాకుగా ఉన్న మనిషి కూడా దాటేస్తాడు. ఆ స్కోర్లు చూసి 'జపాన్‌లో డిప్రెషన్ ఎక్కువ' అని రాస్తే మీరు కొలిచింది అణకువను.

దిద్దుబాటు సులభమే. 16 బాధ ప్రశ్నల మొత్తాన్ని విడిగా, నాలుగింటి మొత్తాన్ని విడిగా రాయండి.

పీహెచ్‌క్యూ-9 అనే ఇంకో డిప్రెషన్ ప్రశ్నావళిలో మంచి భావాల ప్రశ్నలు లేవు, అది నయం. తొమ్మిది ప్రశ్నలు, గడచిన రెండు వారాలు, మొత్తం 27, మామూలు గీత 10. చిక్కు ఎనిమిదో ప్రశ్నలో ఉంది. నెమ్మదించిపోయారా లేక స్థిమితం లేకుండా తిరుగుతున్నారా అని రెండు ఎదురెదురు విషయాలు ఒకే ప్రశ్నలో అడుగుతారు. చదివి వినిపిస్తే మొదటి సగానికే జవాబిస్తారు. రెండు ముక్కలుగా అడిగి, ఎక్కువ వచ్చినదాన్ని రాసుకోవాలి.

ఇంకో పెద్ద చిక్కు, ఒకే మొత్తం వేరువేరు దారుల్లో వస్తుంది. ఒకరి 12 నిద్ర, ఆకలి, నీరసం, ధ్యాస నిలవకపోవడం నుంచి. మరొకరి 12 దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తనను తాను నిందించుకోవడం, చావు ఆలోచనల నుంచి. శరణార్థి శిబిరంలో రాత్రంతా దీపాలు వెలుగుతూ, తిండి సరిగా లేకుండా ఉన్నవాళ్ళకు మొదటి రకం 12 డిప్రెషన్ లేకుండానే వస్తుంది. మొత్తం ఒక్కటే రాసి పంపితే చూసేవాళ్ళకు తేడా తెలియదు. తొమ్మిది అంకెలూ పంపమనండి.

#9 అడ్డప్రశ్న

అంటే తేడాలన్నీ కొలతల తప్పులేనా? అలాగైతే పోలికే అనవసరం. మీరందరూ కలిసి మనుషులంతా ఒక్కటే అనే చోటికి తీసుకుపోతున్నారు.

#10 రాత్రిడ్యూటీ

లేదండి. నిజమైన తేడాలున్నాయి, ముఖ్యంగా ఆందోళనలో. కంబోడియా శరణార్థుల్లో డెవన్ హింటన్ వివరంగా పరిశీలించిన 'ఖ్యాల్ అటాక్' తీసుకోండి.

మనిషి కూర్చున్నచోటు నుంచి లేస్తాడు. కళ్ళు తిరుగుతాయి. ఎవరికైనా జరిగేదే. కానీ అక్కడి నమ్మకం ప్రకారం ఒంట్లో 'ఖ్యాల్' అనే గాలి రక్తంతో పాటు పైకి తన్నుతోంది, అది గుండెను పిండేయొచ్చు, మెడలోని నాళాలను పగలగొట్టొచ్చు. దాంతో ధ్యాస మెడ మీదకు పోతుంది. ధ్యాస పోగానే మెడ పట్టేసినట్టు, చెవుల్లో హోరుమన్నట్టు తెలుస్తుంది. అది నమ్మకానికి రుజువవుతుంది, భయం రెట్టింపవుతుంది, గుండె దడ పెరుగుతుంది, మళ్ళీ కళ్ళు తిరుగుతాయి. చూడండి, నమ్మకం ఇక్కడ లక్షణానికి తగిలించిన చీటీ కాదు. ఏ లక్షణం పెరగాలో అదే నిర్ణయిస్తోంది. మెడ నొప్పి, చెవిలో హోరు అమెరికా పానిక్ జాబితాలోని 13 లక్షణాల్లో లేవు. అవి అడగని ప్రశ్నావళి ఈ మనుషుల భయంలో సగాన్ని వదిలేస్తుంది.

చేయాల్సింది: లేచినప్పుడు వస్తోందా, నడుస్తుంటే వస్తోందా అడగండి. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడితే దానికి వేరే కారణం వెతకాలి: నీళ్ళు తాగకపోవడం, రక్తహీనత, మందులు. తర్వాత 'కళ్ళు తిరిగినప్పుడు ఏం జరుగుతుందని భయపడ్డారు?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు స్కోరు కంటే విలువైనది.

లాటిన్ అమెరికా వరుస కూడా ఇందుకే తప్పు. అక్కడి 'అతాకే దె నెర్వియోస్' వేరు. ఏడుపు, అరుపులు, వణుకు, ఛాతీ నుంచి తలకెక్కే వేడి, ఒక్కోసారి స్పృహ తప్పడం. చాలాసార్లు ముందు ఒక సంఘటన ఉంటుంది, చావు కబురో ఇంట్లో గొడవో. అందరి ఎదుట జరుగుతుంది, తర్వాత కొందరికి తేలికపడినట్టు ఉంటుంది. పానిక్ డిజార్డర్‌లో అటాక్ చెప్పాపెట్టకుండా వస్తుంది, మళ్ళీ వస్తుందేమోనన్న భయం వెంటాడుతుంది. 'ముందు ఏం జరిగింది? మళ్ళీ వస్తుందని భయపడుతూ ఏమైనా మానేశారా?' అన్న రెండు ప్రశ్నలతో చాలావరకు విడదీయొచ్చు. రెండూ కలిసి ఉండేవాళ్ళూ ఉన్నారు.

#11 దుబాసీ

ఖ్యాల్ మాట వచ్చింది కాబట్టి వాలంటీర్లకు ఒక హెచ్చరిక. గాలి పోవడానికని నాణెంతో వీపు మీద, చేతుల మీద గీకుతారు. పొడవాటి ఎర్రటి చారలు వరుసగా తేలతాయి, కొన్ని రోజుల్లో పోతాయి. కొట్టిన గుర్తులనుకుని పిల్లల విషయంలో ఫిర్యాదుల దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. ముందు అడగండి.

#12 సంచారి

దుబాసీ గారూ, మాట అటూ ఇటూ అనువదించి చెప్పే దుబాసీ లేకుండా మా పని జరగదు. అక్కడ ఏం తప్పులు జరుగుతాయో కాస్త చెప్పగలరా?

#13 దుబాసీ

అన్నిటికంటే పెద్ద తప్పు బాగుచేసి చెప్పడం. రోగి మాటలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తుంటే దుబాసీ సహజంగానే అర్థమయ్యే వాక్యంగా కూర్చి చెబుతాడు. పొంతన లేకపోవడమే సైకోసిస్‌లో ముఖ్యమైన గుర్తు, అది దారిలోనే మాయమవుతుంది. 'అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి, విన్నది విన్నట్టు చెప్పండి' అని మొదలుపెట్టకముందే దుబాసీకి చెప్పాలి.

మిగతావి టూకీగా. ఇంటివాళ్ళను, ముఖ్యంగా పిల్లలను దుబాసీలుగా పెట్టొద్దు. చావు ఆలోచనలు, లైంగిక హింస బయటికి రావు. చిన్న సమాజాల్లో దుబాసీ కూడా తెలిసినవాడే అయ్యుంటాడు, అప్పుడు ఫోన్‌లో వేరే ఊరి దుబాసీ మేలు. దుబాసీ 'నేను' అనే చెప్పాలి, 'ఆయన ఏమంటున్నాడంటే' అనకూడదు. మీరు రోగి వైపు చూసి మాట్లాడాలి. ఒక్కసారికి ఒక్క ప్రశ్న. మామూలు సమయానికి రెట్టింపు పెట్టుకోండి. అయ్యాక ఐదు నిమిషాలు దుబాసీతో విడిగా కూర్చుని, 'ఈ మాట తీరు, ఈ ప్రవర్తన మీవాళ్ళలో మామూలేనా?' అని అడగండి.

#14 పాతపుస్తకం

జపాన్ వరుస మిగిలింది. 'తైజిన్ క్యోఫుషో' అని జపాన్ మానసిక వైద్యుడు మొరిటా మసతాకే 20వ శతాబ్దం తొలి దశకాల్లో వర్ణించిన స్థితి. మామూలు సామాజిక భయంలో నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని భయం. దీంట్లో తన మొహం ఎర్రబడటం, తన చూపు, తన ఒంటి వాసన ఎదుటివాళ్ళను ఇబ్బంది పెడుతుందేమోనని భయం. బాధితుడు తను కాదు, ఎదుటివాడు. జపాన్‌కే పరిమితమని చాలాకాలం అన్నారు. వెతికితే కొరియాలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో కూడా దొరికింది. 2013లో వచ్చిన అమెరికా మానసిక రోగాల వర్గీకరణ డీఎస్‌ఎమ్-5లో సామాజిక ఆందోళన ప్రమాణాల్లోనే 'ఇతరులను నొప్పించడం' చేర్చారు. ఒక సంస్కృతిలో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించిన లక్షణం, మిగతాచోట్ల ఎవరూ అడగక కనిపించలేదన్నమాట.

'సిగ్గు ఎక్కువ' అని రాస్తే ఇదంతా పోతుంది.

#15 అడ్డప్రశ్న

ఇది ఒప్పుకుంటా. సైకోసిస్ మాత్రం అన్నిచోట్లా ఒకటే అంటారు. నిజమా?

#16 రాత్రిడ్యూటీ

అన్నిచోట్లా ఉంది, పిచ్చిని పిచ్చిగానే గుర్తుపడతారు. జేన్ మర్ఫీ 1976లో అలాస్కా ఎస్కిమోల్లో, నైజీరియా యోరుబా ప్రజల్లో చూపించింది అదే. లోపల ఉన్న విషయం మారుతుంది.

తాన్యా లూర్‌మన్ బృందం 2015లో ప్రచురించిన పోలిక చిన్నదే కానీ ఉపయోగపడేది. చెన్నై, ఘనాలోని ఆక్రా, కాలిఫోర్నియాలోని సాన్ మాటియో, చోటుకు 20 మంది. అందరికీ గొంతులు వినిపిస్తాయి. అమెరికన్లు ఎక్కువగా అది మెదడు జబ్బని, తమ జబ్బుపేరుతో సహా చెప్పారు, గొంతులు హింస గురించి మాట్లాడతాయన్నారు. ఆక్రాలో చాలామంది దేవుడి గొంతన్నారు. చెన్నైలో చాలామందికి అవి చుట్టాల గొంతులు, ఇల్లు ఊడువు, స్నానం చెయ్ అని పనులు పురమాయించేవి. మూడుచోట్లా చెడు గొంతులూ ఉన్నాయి, మంచి గొంతులూ ఉన్నాయి, పాళ్ళు వేరు. 20 మందిని చూసి ఒక దేశానికి ముద్ర వేయకూడదు. అయినా 'గొంతు ఎవరిది, మీకు తెలిసినవాళ్ళదా, ఏం చెయ్యమంటుంది, చెయ్యకపోతే ఏమంటుంది' అన్న నాలుగు ప్రశ్నలు నోట్‌లో పెట్టండి. ప్రమాదం ఎంతో తెలిసేది చివరి రెండింటితోనే.

కొయ్యబారిపోయే కాటటోనియా ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల అధ్యయనంలో పేద దేశాల కేంద్రాల్లో చాలా ఎక్కువగా, సంపన్న దేశాల్లో అరుదుగా కనిపించింది. కదలకుండా, మాట్లాడకుండా, తినకుండా ఉండిపోయినవాళ్ళను 'షాక్‌లో ఉన్నారు' అని వదిలేయొద్దు, ఆ రోజే ఆస్పత్రి.

రోగనిర్ధారణ చేసేవాళ్ళకూ సంస్కృతి ఉంటుందని మరిచిపోకండి. న్యూయార్క్‌లో స్కిజోఫ్రీనియా (సైకోసిస్‌లో ఒక దీర్ఘకాల జబ్బు) లండన్‌లో కంటే ఎంతో ఎక్కువ అని ఆస్పత్రి లెక్కలు చెప్పేవి. రెండుచోట్లా ఒకే ప్రమాణాలతో చూస్తే తేడా దాదాపు పోయిందని 1972లో అచ్చయింది. న్యూయార్క్ డాక్టర్లు మేనియా (అదుపు తప్పిన ఉత్సాహం), డిప్రెషన్‌లను కూడా అదే పేరుతో రాసేవాళ్ళు.

#17 కొలబద్ద

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉండాలి, లేకపోతే ప్రతి తేడానూ డాక్టరు పక్షపాతం అనేస్తారు. ఇంగ్లండ్‌లో ఈసాప్ అధ్యయనం (2006) ఆఫ్రికన్-కరీబియన్ మూలాలవాళ్ళలో స్కిజోఫ్రీనియా తెల్లవాళ్ళకంటే తొమ్మిది రెట్లు చూపింది. జాతి వివరాలు దాచి నిర్ధారణ చేసినా ఆ తేడా నిలిచింది. కరీబియన్ దీవుల్లో చేసిన పరిశోధనల్లో అంత రేట్లు లేవు, కాబట్టి రక్తంలో ఉందనీ అనలేం. వలస, వివక్ష, ఒంటరితనం, చిన్నప్పుడే తల్లినో తండ్రినో దూరం చేసుకోవడం లాంటివే ఎక్కువ బలమున్న వివరణలు.

'పేద దేశాల్లో స్కిజోఫ్రీనియా తేలిగ్గా తగ్గుతుంది' అన్న మాట మాత్రం నోట్‌లో పెట్టకండి. పాత అధ్యయనాల్లో అలా వచ్చింది నిజమే. 2008లో అలెక్స్ కోహెన్ తదితరులు మరిన్ని దేశాల సమాచారం ముందుపెట్టి, అది అంత సూటిగా లేదని చూపించారు.

#18 సంచారి

రాత్రి ఎవరో ఛాతీ మీద కూర్చున్నారని, నీడ కనిపించిందని చెప్పేవాళ్ళు మాకు చాలామంది తగులుతారు. అది సైకోసిస్ గడిలోకి పోతుందా?

#19 రాత్రిడ్యూటీ

మూడు అడగండి. నిద్రలోకి జారేటప్పుడో మెలకువ వచ్చేటప్పుడో మాత్రమేనా? ఆ సమయంలో కాళ్ళూచేతులూ కదలవా? కొన్ని క్షణాల్లో, మహా అయితే కొన్ని నిమిషాల్లో పోతుందా? మూడింటికీ అవునంటే అది నిద్ర పక్షవాతం. కలల దశలో కండరాలు సడలి ఉంటాయి, అది తీరకముందే మెలకువ వస్తే ఇలా అవుతుంది. జపాన్‌లో కనాషిబరి, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె, ఆగ్నేయాసియా హ్మోంగ్ ప్రజల్లో ఊపిరి నొక్కే ఆత్మ. శరీరంలో జరిగేది ఒకటే, భయం పాళ్ళు వేరు. నిద్ర తక్కువైనా, వెల్లకిలా పడుకున్నా, పీటీఎస్‌డీ (ఘోర సంఘటన తర్వాత వెంటాడే మానసిక గాయం) ఉన్నా ఎక్కువగా వస్తుంది. సైకోసిస్ మందులు పెట్టాల్సింది కాదు. కానీ పీడకలలు, ఉలిక్కిపాటు గురించి అడగకుండా వదలొద్దు.

#20 సంచారి

పూనకం, చనిపోయినవాళ్ళు మాట్లాడటం?

#21 పాతపుస్తకం

చనిపోయినవాళ్ళ గొంతు వినిపించడం, పక్కన ఉన్నట్టనిపించడం దుఃఖంలో చాలా సమాజాల్లో మామూలే, పాశ్చాత్యుల్లో కూడా. దుఃఖం ఎన్నాళ్ళుంటే జబ్బన్నదానికి వర్గీకరణలే ఏకాభిప్రాయంతో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థది కనీసం ఆరు నెలలు, 2022 నాటి అమెరికా కూర్పు పెద్దలకు పన్నెండు నెలలంటుంది. రెండూ ఆ సమాజపు ఆనవాయితీని మించి ఉండాలనే షరతు పెట్టాయి. ఆ ఆనవాయితీ ఏమిటో ఆ సమాజం మనిషినే అడగాలి.

పూనకానికి: తన ప్రమేయం లేకుండా వస్తోందా, పూజ లేదా పండుగ సందర్భం బయట వస్తోందా, బతుకును దెబ్బతీస్తోందా, సొంతవాళ్ళే ఇది మామూలుగా లేదంటున్నారా. చివరిది అన్నిటికంటే నమ్మదగింది.

#22 సంచారి

పట్టిక పూర్తిగా తిరగరాశాను. దేశాల వరుస తీసేశాను. ఒక్కో మనిషికి ఒక కాగితం, దాని మీద ఐదు గడులు: వచ్చి చెప్పింది, అడిగితే చెప్పింది, కారణం ఏమనుకుంటున్నారు, ఏం జరుగుతుందని భయం, రోజువారీ పనుల్లో ఏం ఆగిపోయింది. ఇంకేం కావాలి?

#23 కొలబద్ద

ఆరో గడి: ఎవరు అడిగారు, ఏ భాషలో, దుబాసీ ఉన్నారా, గదిలో ఇంకెవరున్నారు. ఇది లేకుండా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చలేరు.

ప్రశ్నావళి అక్కడ పుట్టినది దొరికితే అదే వాడండి. జింబాబ్వేలో షోనా భాషలో 14 ప్రశ్నలది ఉంది. 'కుఫుంగిసిసా', అంటే అతిగా ఆలోచించడం, అక్కడివాళ్ళు చెప్పుకునే బాధ నుంచే మొదలవుతుంది. ఫ్రెండ్‌షిప్ బెంచ్ పథకంలో శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు, ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్ళు, దానితోనే గుర్తించి ఆరుసార్లు కూర్చోబెట్టి సమస్యా పరిష్కారం నేర్పారు. 2016లో అచ్చయిన పరీక్షలో 573 మంది. 9 గాని ఆపైన గాని వచ్చినవాళ్ళను తీసుకుంటే, ఆరు నెలలకు సగటు స్కోరు ఈ బృందంలో 3.81, మామూలు వైద్యం పొందిన బృందంలో 8.90. దొరకకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఎస్‌ఆర్‌క్యూ-20 ప్రశ్నావళి: అవును-కాదు ప్రశ్నలు ఇరవై, గడచిన 30 రోజులు. చదవడం రానివాళ్ళకు కూడా అడగొచ్చు. గీత 7-8 మధ్య పెడతారు గానీ అది చోటును బట్టి మారుతుంది, ఒక దేశపు గీతతో ఇంకో దేశపు శాతం తీయకండి.

#24 అడ్డప్రశ్న

ఒంటి బాధ చెప్పినవాళ్ళందరినీ మానసికం గడిలోకి తోసేసే ప్రమాదం కూడా ఉంది కదా, అది రాయండి.

#25 రాత్రిడ్యూటీ

నిజమే. నీరసానికి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12. బరువు తగ్గి దగ్గుంటే క్షయ. తలనొప్పి కొత్తగా మొదలై పొద్దున్నే ఎక్కువగా ఉంటూ వాంతులుంటే వెంటనే డాక్టరు. తల మీద దెబ్బలు తగిలాయా అని శరణార్థులను తప్పక అడగాలి, హింస బారిన పడ్డవాళ్ళలో ఆ చరిత్ర తరచుగా ఉంటుంది.

సంచారి గారూ, చావు ఆలోచనల ప్రశ్న మీ గడుల్లో లేదు. ఆత్మహత్య పాపమో నేరమో అయిన చోట పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్నకు 0 అని రావడం మామూలు. పైగా ఆ ప్రశ్నలో చావాలనిపించడం, తనను తాను గాయపరచుకోవడం రెండూ కలిసి ఉన్నాయి. మెట్లుమెట్లుగా అడగండి. 'తెల్లారి లేవకపోతే బాగుండు అనిపిస్తుందా?' అవునంటే 'ప్రాణం తీసుకోవాలని ఆలోచన వచ్చిందా?' అవునంటే ఎలా, ఎప్పుడు, అందుకు కావల్సినది ఇంట్లో ఉందా, ఇంతకుముందు ప్రయత్నించారా. అడిగినంత మాత్రాన కొత్తగా ఆలోచన పుట్టదు. పథకం ఉందంటే మనిషిని ఒంటరిగా వదలకుండా, పురుగుమందో మాత్రలో ఉంటే తీయించి, ఆ పూటే డాక్టరుకు అప్పగించాలి. ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు గదిలో బంధువు ఉండకూడదు.

#26 సంచారి

చేర్చాను. కాగితం వెనకవైపు మొత్తం దానికే కేటాయించాను, పైన డాక్టరు ఫోన్ నంబరుకు ఖాళీ వదిలి.